రూపాయెత్తు

పక్కింటివాళ్ళ కోడలికి పురుడొచ్చింది. పొద్దున్నే వాళ్ళు బాలింతకు పెట్టే కాయం మందు కోసం శొంఠి, పిప్పళ్ళు వేయించి దంచుతుంటే ఆ ఘాటు కిటికీలోంచి వచ్చి నా ముక్కు అదరగొట్టింది. రెండు తుమ్ములు తుమ్మేసరికి నూకరత్నం గుర్తొచ్చింది. అరకు సంతలో మందు దినుసులు అమ్మేది. మైదానం నుంచి కోడలిగా వచ్చి, కొండమీదే ముసలిదైపోయిన మనిషి.

అప్పుడు నేను అక్కడి బడికి కొత్తగా వెళ్ళిన టీచర్ని. నాకు పాత నాణేల పిచ్చి. బస్సు కండక్టరిచ్చిన చిల్లర కూడా తిరగేసి మరగేసి చూసేదాన్ని. ఒక సంతరోజు శొంఠి కొనబోతే, నూకరత్నం తక్కెడలో తూకపు రాయి ఉండాల్సిన చోట నల్లటి బిళ్ళ ఉంది. తీసి వేలితో రుద్దాను. కిరీటం పెట్టుకున్న రాజుగారి తల! తెల్లదొరల కాలం నాటి వెండి రూపాయి! నా గుండె గంతులేసింది.

"ఎంతకిస్తావు నూకరత్నం?"

"ఏటీ, తూకంరాయిని కొంతావా? అది రూపాయి కాదు టీచరమ్మా, రూపాయెత్తు. మా అత్త సేతిది. బాలింతల కాయానికి దినుసులన్నీ దాంతోనే తూత్తాను."

బతిమాలి, వచ్చే సంతకు తెచ్చిస్తానని ఒట్టేసి ఇంటికి తెచ్చుకున్నాను. తెచ్చుకున్నదాన్ని ఊరుకున్నానా? చింతపండు పెట్టి తోమాను. ఇత్తడి చెంబులు తోమిన చెయ్యి కదా! రూపాయి తళతళలాడింది. నేను మురిసిపోయాను.

తీరా మరుసటి సంతలో దాన్ని తిరిగిచ్చాక, బాలింత కూతురి కోసం కొండ దిగివచ్చిన సుక్రి ఆ తెల్లబిళ్ళను చూసి సంచి మూసేసింది.

"ఇది నీ రూపాయి కాదు. నాకొద్దు."

వెనకున్న ఆడవాళ్ళూ జరిగిపోయారు. నూకరత్నం ముఖం పాలిపోయింది. ఇన్నేళ్ళ నమ్మకాన్ని నేను చింతపండు పెట్టి కడిగేశాను. సిగ్గుతో చచ్చిపోయాను.

"తప్పు నాది. నేనే తోమాను," అన్నాను.

సుక్రి నన్ను ఎగాదిగా చూసి కొంగుముడి విప్పింది. అందులో మరో నల్లరూపాయి! వాళ్ళమ్మ ఇచ్చిందట. దాన్ని రెండో పళ్ళెంలో వేసింది. తక్కెడ ఊగింది. ముల్లు మధ్యకొచ్చి నిలబడింది.

"రెండూ ఒక తల్లి పిల్లలే," అంటూ సుక్రి సంచి తెరిచింది. సంతంతా వినబడేలా నేను చప్పట్లు కొట్టాను. నూకరత్నం నా నెత్తిన మొట్టింది.

"నాణెం కనబడితే ముందు అది ఏటి పని సేత్తందో అడగాల. ఎంతకిత్తావని తరవాత అడుగుదువు గాని!"

పిచ్చి ఇంకా తగ్గలేదు. మొన్న ఒకరింట్లో తలుపు గొళ్ళెం మేకు కింద చిల్లుకానీ కనబడితే చిన్నపిల్లలా కేక పెట్టాను. ఇంటాయన ఊడదీసి ఇస్తానన్నాడు. వద్దన్నాను. తలుపు వేసి చూశాను, తీసి చూశాను. చిల్లుకానీకి కొరగాదంటారు గానీ, ఆ గొళ్ళేన్ని కదలకుండా పట్టుకున్నది అదే.