కండ్లు ఆఖరుకు

సాగర్ కట్ట పనిలో బండలు కొట్టి వచ్చిన మారయ్యకు బొమ్మ చెక్కడం నేర్పేటప్పుడు వీరాచారి అతని చేతివైపు చూడడు. రామన్నపేట బాట పక్కనున్న తన కొట్టంలో గోడకు ఆనుకుని, కళ్లు మూసుకుని, ఉలి చప్పుడు వింటాడు. "బలం చూపకు. ముందు భుజాలు, నడుము, కాళ్లు కుదరాలె. ఎన్కనే ముఖం. కండ్లు మాత్రం ఆఖరుకు, అవి నేనే తెరుస్త," అని రోజూ అంటాడు. ఎందుకో చెప్పడు. ఆ పొద్దున మైసమ్మ విగ్రహం కోసం కేతేపల్లి ఎల్లస్వామి బండి కట్టుకొచ్చి వాకిట్లో కూర్చున్నాడు. మారయ్య అమ్మవారి మెడ కింద హారం చెక్కుతున్నాడు. అప్పటిదాకా ఖంగుమంటున్న రాయి ఒక్కసారిగా పగిలిన కుండలా మోగింది. వీరాచారి కళ్లు తెరిచాడు. "ఆపు." చెంబెడు నీళ్లు పోసి చూస్తూ నిలబడ్డాడు. గాలికి రాయంతా ఆరింది. మెడ చుట్టూ ఒక్క గీత మాత్రం తడిగానే మిగిలింది. నెర్రె.

"గంధం పూస్తే కనవడదు, ఇయ్యుండ్రి," అన్నాడు ఎల్లస్వామి. "పలిగిన తల్లిని ఊరికెట్ల పంపుత?" వీరాచారి సమ్మెట అందుకున్నాడు. "కండ్లు ఆఖరుకని గిందుకే అంట, మారయ్యా. అవి తెరిచేదాంక ఇది ఉత్త రాయి." సమ్మెట పైకి లేచింది. మారయ్య అడ్డం వచ్చాడు. "వద్దు పెద్దయ్యా! నిన్న నువ్వు బువ్వకు పోయినప్పుడు... ఆగలేక జర గీసిన." వీరాచారి వంగి చూశాడు. ముఖంలో సన్నగా, రెండు కనుపాపలు. సమ్మెట మెల్లగా దిగింది. "ఇగ పంపరాదు, పలగ్గొట్టరాదు," అని, భుజం మీది కండువా తీసి ఆ చూపు మీద కప్పాడు.