పొట్టేలు కనురెప్ప

నా చిన్నప్పుడు మర్రిపాడు వైపు మెట్ట ఊళ్ళో మాకు గొర్రెల మంద ఉండేది. ఒక ఏడాది ఊళ్ళో జ్వరాలు తగిలాయి. మలేరియా ఆయన ఇల్లిల్లూ తిరిగి, జ్వరం వచ్చినవాళ్ళ వేళ్ళు పొడిచి, చిన్న గాజు పలకల మీద రక్తపు చుక్కలు పట్టుకుపోయాడు. అందులో మా అవ్వదీ ఉంది. కొన్నాళ్ళకు ఆయనే తిరిగొచ్చాడు. అవ్వకు మలేరియా లేదుగానీ రక్తంలో తెల్లకణాలు మరీ ఎక్కువగా కనిపించాయని, ఆత్మకూరు ఆసుపత్రిలో మళ్ళీ పరీక్ష చేయించుకోవాలని చెప్పాడు.

అప్పటికి అవ్వకు జ్వరం పోయింది. సంగటి తింటోంది, మంద వెంట నడుస్తోంది. బాగున్న మనిషికి రక్తం తీస్తే ఉన్న బలం కాస్తా పోతుందని ఊరంతా అన్నారు. అందరికంటే గట్టిగా అన్నది మా ఊరి పెద్దరైతు. ఆయన మాట దాటేవాళ్ళు ఊళ్ళో లేరు. అవ్వ కూడా వెనకాడింది.

ఆ వారమే ఆయన పొట్టేలు కొనడానికి మా దొడ్డికి వచ్చాడు. మందలో బాగా బలిసినదాన్ని తాత తెచ్చి నిలబెట్టాడు. పెద్దరైతు దాని వీపు తడిమి, తల పట్టుకుని, కంటి కింది రెప్ప లాగి చూశాడు. లోపల ఎర్రగా ఉంటే మంచిది, పాలిపోయి ఉంటే జబ్బున్నట్టు. మా వైపు అది చూడనిదే ఎవరూ కొనరు.

"బాగానే మేస్తా ఉండాది గదబ్బయ్యా, రెప్ప ఎందుకు లాగినావు?" అన్నాడు తాత.

"ఏంది మామా, తెలీనట్టు అడగతావు. లోపల రక్తం ఎట్టుండాదో చూడొద్దా?"

"మరి మా ఆడమనిషి పొట్టేలు పాటి చెయ్యదా?"

పెద్దరైతు రెప్ప వదిలేశాడు. పక్కనే కట్టెలు విరుస్తున్న అవ్వ తలెత్తకుండానే, "పోల్చేదానికి నీకు పొట్టేలే దొరికిందా" అంది. మరునాడు అవ్వా తాతా నేనూ ఆత్మకూరు బస్సెక్కాం.

అక్కడి డాక్టరమ్మ నన్నూ మైక్రోస్కోపులో చూడనిచ్చింది. ఊదారంగు కణాలు, అన్నీ ఒకే రకం, దొడ్డిలో గొర్రెల్లా కిక్కిరిసి ఉన్నాయి. అయినా ఆ ఒక్క పరీక్షతో ఆమె ఏదీ తేల్చలేదు. నెల్లూరులో ఇంకొన్ని పరీక్షలు చేశాకే అది రక్తానికి వచ్చే క్యాన్సరని, నిదానంగా పెరిగే రకమని చెప్పారు. మొదట మందులివ్వకుండా ఊరికే కనిపెట్టి ఉన్నారు, అవసరమైనప్పుడు మాత్రలిచ్చారు. అవ్వ నా పెళ్ళి చూసింది.

తర్వాత ఆమె పోయినప్పుడు, రక్తం తీసి తీసి చంపేశారని ఊరివాళ్ళు నా ముందే అన్నారు. శవం దగ్గర గొడవెందుకని తలూపాను. మనవడే ఒప్పుకున్నాడని ఆ మాట ఊళ్ళో పాతుకుపోయింది. ఇప్పటికీ మెడ కింద గడ్డలు లేచినవాళ్ళు కూడా రక్త పరీక్ష అంటే మా అవ్వ పేరు చెప్పి తప్పించుకుంటున్నారు. నేను తలూపినదానికి అంత బలం ఉంటుందని అనుకోలేదు. ఎవరికి కోపమొచ్చినా సరే, ఇప్పుడు చెబుతున్నాను, అది పచ్చి అబద్ధం. ఆ చుక్క రక్తం ఇచ్చింది కాబట్టే ఆమెకు సమయానికి వైద్యం అందింది.

ఏటా నేను ఆత్మకూరు వెళ్ళి పరీక్షకు రక్తం ఇచ్చి వస్తాను. బస్టాండు టీకొట్టు దగ్గర ఊరివాళ్ళు, "దుక్కలా ఉండావు, నీకేం రోగంరా" అని నవ్వుతారు. దూది అంటించిన చెయ్యి వాళ్ళ ముందు పెట్టి తాత మాటనే తిరగేసి అప్పజెబుతాను.

"బాగా మేసేదానికే గదరా రెప్ప లాగేది."