పల్లకీకి నాలుగో బోయీ

మా ముత్తాతగారికి సంస్థానంలో పల్లకీ మర్యాద ఉండేది. ఆ పల్లకీలో ఇప్పుడు మిగిలింది బోయీలు భుజాన మోసే వంపు తిరిగిన దండె ఒక్కటే. విజయనగరంలో మేం అద్దెకున్న వాటా బాల్కనీలో దానిమీద బట్టలు ఆరేస్తాం. అయితే మాకు రెండో పల్లకీ ఒకటుంది. దాన్ని ఎవరూ జప్తు చెయ్యలేకపోయారు, ఆకాశంలో ఉంది కాబట్టి.

లోకం సప్తర్షి మండలం అనేదాన్ని మా ఇంట్లో పల్లకీ అంటాం. చదరంగా ఉన్న నాలుగు చుక్కలూ పల్లకీ. వంపుగా సాగిన మూడూ బోయీలు. నడిమి బోయీ పక్కన, కళ్ళు చిట్లిస్తే తప్ప కనిపించని చిన్న చుక్క అరుంధతి. దీపం పట్టుకుని పల్లకీ వెంట నడుస్తోందని మా వాళ్ళ కథ. పల్లకీకి నలుగురు బోయీలు ఉండాలి కదా అని చిన్నప్పుడు మా నాన్నగారిని అడిగాను. "నాలుగోవాడు మాట వినేవాడు కాదు, తీసేశాం" అన్నారు. మా వంశంలో ప్రతి లోటుకూ ఎవరో ఒక పనివాడే కారణం.

మా ఇంట పెళ్ళయితే, ఆ కథ చెప్పి అరుంధతిని చూపించవలసింది ఇంటి పెద్ద. ఈ రోజుల్లో పంతుళ్ళు పట్టపగలు ఫంక్షన్ హాలు సీలింగు వైపు వేలు చూపి "కనిపించిందా?" అంటారు. కొత్త దంపతులు ఫ్యాను కేసి చూసి "కనిపించింది" అంటారు. కాపురం అబద్ధంతో మొదలవుతుంది. ఇద్దరూ కలిసి ఆడే అబద్ధం కాబట్టి శుభమే కావచ్చు.

నా కూతురు తనకు కావలసినవాణ్ణి తనే చూసుకుంది. అబ్బాయి సరుకు ఓడలో ఇంజనీరు. వాళ్ళది శ్రీకాకుళం అవతల, సముద్రపొడ్డున చేపల వ్యాపారం చేసే కుటుంబం. తండ్రి లేడు, వ్యవహారమంతా తల్లిదే. సంబంధం మాట్లాడుకోవడానికి వచ్చిన రోజు, మేమెవరమో తెలియాలని వాళ్ళకు పల్లకీ కథ చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని టీ గ్లాసు కింద పెట్టింది.

"పల్లకీ అయితే ముగ్గురే మోత్తన్నారేటి అన్నయ్యగారూ? నాలుగోవోడేడీ?"

మా నాన్నగారి జవాబే చెప్పాను.

"అయ్యో, పల్లకీ కాదండీ. అది ముసిల్దాని నులకమంచం. ఆ ముగ్గురూ దొంగలు. మంచంకోళ్ళు ఊడబీక్కుని పోదామని సూత్తన్నారు. మా అమ్మ సెప్పీది."

"మీకు అలా కనిపించి ఉండవచ్చు" అన్నాను.

"మాకు మంచవే ఉన్నాది మరి. పల్లకీ మేమెక్కడ సూసినాం?"

అబ్బాయి సర్దబోయాడు. ఓడలో నానా దేశాలవాళ్ళూ ఉంటారట, ఒక్కొక్కరిదీ ఒక్కో కథట. గ్రీకువాడికి అది ఎలుగుబంటి. అరబ్బు వంటవాడికి పాడె. ఆ మూడు చుక్కలూ తండ్రి శవం వెంట నడిచే కూతుళ్ళు. అమెరికా ఖండపు పాత తెగల్లో కొందరికి అవి ఎలుగుబంటిని తరిమే ముగ్గురు వేటగాళ్ళు. నడిమివాడి పక్కనున్న చిన్న చుక్క, వాడు మోసుకెళ్ళే వంటకుండ.

"సిత్రం ఏటంటే మావయ్యగారూ, గ్రీకులకీ ఆ తెగలకీ మధ్య మహాసముద్రం ఉంది. అయినా ఇద్దరికీ ఎలుగుబంటే."

"అయితే అరుంధతి పులుసు దాకన్నమాట!" అని వాళ్ళమ్మ నవ్వింది. నా కూతురు కూడా నవ్వింది. అది నాకు నచ్చలేదు.

"చైనావాళ్ళేమంటారు?" అన్నాను.

"వాళ్ళకి చక్రవర్తి ఎక్కే రథమటండి."

"సంస్కారం ఉన్నవాళ్ళు" అన్నాను. ఆ దేశం మీద ఆనాడు కలిగిన గౌరవం నాకింకా తగ్గలేదు.

తరువాత ఒక్కొక్కటే వదులుకున్నాను. సన్నాయికి బదులు డీజే అన్నారు, సరేనన్నాను. నరసన్నపేటలో హైవే పక్కన ఫంక్షన్ హాలు అన్నారు, దానికీ సరేనన్నాను. ఒక్కటి మాత్రం వదలనన్నాను. పెళ్ళినాటి సాయంత్రం, నిజమైన ఆకాశంలో, అరుంధతిని నేనే చూపిస్తాను. అదీ పోతే కూతురికి ఇవ్వడానికి నా దగ్గర బట్టలారేసే కర్ర తప్ప ఏమీ లేదు.

వాళ్ళు ఒప్పుకున్నారు. నా రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయని వాళ్ళకు తెలియదు. ఉచిత శిబిరం వరసలో నిలబడడం ఇష్టం లేక ఆపరేషను వాయిదా వేస్తూ వచ్చాను. ఆ సంగతి నా కూతురికి మాత్రమే తెలుసు.

వైశాఖ మాసం. చీకటి పడగానే రెండువైపుల చుట్టాలూ హాలు మేడమీద నీళ్ళ ట్యాంకుల మధ్య చేరారు. వియ్యపురాలు పిట్టగోడ మీంచి కిందికి కేకేసింది. "ఒరే, ఆ లైట్లు ఆపండ్రా! అన్నయ్యగారు సుక్కలు సూపిత్తారు."

"పంతులుగారు పగలే సూపించీసినారు కదేటి పిన్నీ?" అన్నాడు వాళ్ళ చుట్టాల్లో ఒకడు.

"పగలే సుక్కలు నీకు కనపడతాయి. పొద్దున్నుంచీ తాగుతన్నావు."

ఉత్తరం వైపు చెయ్యెత్తాను. నాకు ఉత్తరమంతా ఒకటే మసక. అందులో ఒకచోట ఏదో మెరిసింది. దానికే వేలు గురిపెట్టి కథంతా చెప్పి, "కనిపించిందా అమ్మా?" అన్నాను.

"కనిపించింది నాన్నగారూ" అంది నా కూతురు వెంటనే. అల్లుడు ఒక్క క్షణం ఆగి, "కనిపించిందండి" అన్నాడు. పొద్దున్న ఫ్యానుకు చెప్పిన మాటే ఇప్పుడు నాకు చెప్పారు.

"అది సెల్ టవరు లైటు కదేటి?" అన్నాడు ఇందాకటివాడు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"నోర్మూయెహె! ఆయన ఇంకా సెయ్యెత్తుతన్నారు" అంటూ వియ్యపురాలు వచ్చి నా మణికట్టు పట్టుకుంది. బరువులెత్తిన చెయ్యి. నా చేతిని పైకి, ఇంకా పైకి జరిపి ఒకచోట ఆపింది. "ఇదీ మీ పల్లకీ" అంది మెల్లగా.

"మంచం కాదా?" అన్నాను.

"ఈయేల్టికి పల్లకీయే." తరువాత అందరికేసీ తిరిగింది. "సూసినారా? ముగ్గురు బోయీలు. నాలుగోవోడేడని అడగండి!"

"ఏడీ?"

"ఇక్కడ సెయ్యెత్తి మోత్తన్నారు, కనపడలేదేటి? మా అన్నయ్యగారే!"

మేడంతా నవ్వింది. పల్లకీలెక్కిన వంశంలో చివరికి ఒకడు బోయీ అయ్యాడు. తగిన జవాబు చెబుదామని వెన్ను నిటారుగా పెట్టాను. ఇంతలో నా కూతురు నా భుజానికి చెంప ఆనించి, చెయ్యి వెంబడే వేలి చివరికి చూసింది.

"అదిగో, నడిమివాడి పక్కన. ఎంత చిన్నగా ఉందో! ఉంది నాన్నగారూ, నిజంగానే ఉంది."

ఇందాకటి గొంతు కాదది.

చెయ్యి లాగుతోంది. అయినా దించలేదు. అల్లుడికి ఇంకా దొరకలేదట.