బొట్టు పెట్టిన నాయకుడు

నిన్న పొద్దున ఫోన్‌లో ఒక మరణవార్త చూసి టీ గ్లాసు పక్కన పెట్టేశాను. ఐరోపాలో ఎక్కడో ఒక చిన్న దేశానికి ప్రధానిగా చేసిన సోషలిస్టు నాయకుడు పోయాడట. ఆయన నాకు ఏమీ కాడు గానీ, వనపర్తి దగ్గర మా పెద్దనాయన ఇంట్లో ఆయన ఫొటో వెంకటేశ్వరస్వామి పక్కనే ఉండేది.

పెద్దనాయన కూలీల సంఘం పెట్టినవాడు. ఆ నాయకుడు బొగ్గుగని కార్మికుడి కొడుకట, చిన్నప్పుడే గనిలో దిగాడట, సంఘం కట్టి జైలుకెళ్లాడట, ప్రధాని అయ్యాక కూడా సైకిలు మీదే తిరిగాడట. ఈ కథ వినని కూలీ ఖిల్లా ఘణపూర్ నుంచి బల్మూర్ దాకా లేడంటే నమ్మండి. వలస కూలికి బొంబాయి బస్సెక్కబోయేవాళ్లకు అడ్డం నిలబడి, "జర ఆగుండ్రి. ఆయన ఒక్కడే మొదలుపెట్టిండు, మనం ఇంతమందిమున్నం. కూలి ఈడనే పెంచుకుందాం" అనేవాడు. కొందరు నిజంగానే మూటలు దించుకునేవారు. పెద్దమ్మకు ఈ రాజకీయాలేవీ పట్టవు. శుక్రవారం దేవుళ్లందరికీ బొట్టు పెడుతూ ఆ తెల్లాయన నుదుటికీ పెట్టేసేది. పెద్దనాయన లబోదిబోమంటే, "మంచోడంటివి గదా, పెడితే ఏమైతది?" అనేది.

ఒక ఏడు వానల్లేవు. కూలి పెంచేది లేదని రైతులు తెగేసి చెప్పారు. పెద్దనాయన మాట నమ్మి ఆగిన ఇళ్లలో పొయ్యి వెలగడం లేదు. సరిగ్గా అప్పుడే పేపర్లో వచ్చింది, ఆ నాయకుడు తన తండ్రి పనిచేసిన గనినే మూయించి, అడ్డం కూర్చున్న కార్మికుల మీదికి పోలీసులను పంపాడని. పెద్దనాయన అన్నం ముట్టలేదు. ఫొటో పీకి పెంటకుప్ప వైపు నడిచాడు. పెద్దమ్మ గడపకు అడ్డం పడింది.

"బొట్టు పెట్టిన పటాన్ని కుప్పల పారేస్తవా? నీళ్లల్ల ఇడువాలె."

అప్పుడు నాకు గద్వాలలో ఉద్యోగం. కబురందుకుని బీచుపల్లి దగ్గర వాళ్లను కలిశాను. కృష్ణలో మోకాలి లోతున నిలబడి, పటం వదల్లేక పెద్దనాయన బావురుమన్నాడు.

"ఈయన ఎట్ల పోతే నాకేంది బిడ్డా! గింతమందిని ఆపిన. వాళ్లకిప్పుడు ఏం చెప్పాలె?"

పెద్దమ్మే ఆయన చేతిలోంచి తీసుకుని, దండం పెట్టి వదిలింది.

ఆ వారంలోనే బొంబాయి బస్సు వచ్చింది. పెద్దనాయనే అందరి మూటలూ పైకి అందించాడు. ఎవరూ ఆయన్ని ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. ఒకామె మాత్రం కిటికీలోంచి, "మామా, మళ్లేటికి వస్తం. సంఘం ఉంటదా?" అని అడిగింది. పెద్దనాయన తల ఊపాడు.

ఆమె తిరిగొచ్చేసరికి సంఘమూ లేదు, పెద్దనాయనా లేడు. ఏడాదంటే ఎంతలే అనుకుంటాం గానీ, మా దిక్కున ఆశ పెట్టుకుని బతకడానికి అది చాలా ఎక్కువ కాలం.