డైరెక్టరుగారి గ్యారంటీ

అన్నయ్య పోయాక పలకరించడానికి వచ్చినవాళ్ళలో సగంమంది ఒకే మాట అన్నారు, "రిస్కు తీసుకున్న మనిషండీ" అని. నేను తలూపాను. అలాంటప్పుడు తలూపడం తప్ప ఏం చేస్తాం? నిజానికి మా అన్నయ్య జన్మలో రిస్కు తీసుకోలేదు. పంచిపెట్టాడు. పెద్ద వాటా వదినకి వచ్చింది.

ఆయన ఇళ్ళముందు తోటలు వేసేవాడు. పచ్చిక పరచడం, అంచుల వెంట మొక్కలు, మధ్యలో రాళ్ళదారి. పని వచ్చు, కాదంటే కళ్ళు పోతాయి. మొక్కలు మాత్రం ఇంటివెనక పెరట్లో వదిన పెంచినవి. పెరటి గోడ వెంట ఆవిడ కాగితంపూల చెట్లు ఉండేవి, రంగుకొకటి. వాటి కొమ్మలు కోసి నాటితేనే కొత్త మొక్కలు. వ్యాపారమంటూ ఉంటే ఆ గోడ వెంటే ఉండేది. అన్నయ్య జేబులోని కార్డుల మీద మాత్రం 'మేనేజింగ్ డైరెక్టర్' అని ఉండేది. ఆయన మేనేజ్ చేసే జనం ఇద్దరు కూలీలు. వాళ్ళూ వదిన మాటే వినేవాళ్ళు.

ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. నీళ్ళు మనవాళ్ళు పోస్తేనే మొక్కకి గ్యారంటీ. తోట వేయించుకున్నవాళ్ళే పోసుకుంటామంటే సంతోషం, తర్వాత చస్తే మాకు సంబంధం లేదు. ఈ కట్టుబాటు పెట్టింది అన్నయ్యే. తుంగలో తొక్కిందీ ఆయనే.

ఒక పెద్ద ఆఫీసు ఆవరణ పని వచ్చేలా ఉన్న రోజుల్లో, భోజనాల దగ్గర మెల్లగా కదిపాడు.

"ఏడాదిలోపు ఏ మొక్క చచ్చినా ఉచితంగా మార్చిస్తామని వాళ్ళకి చెప్పాను."

"నీళ్ళెవరు పోస్తారు?" అంది వదిన.

"వాళ్ళ హౌస్‌కీపింగ్ వాళ్ళు."

"బాత్రూములు కడిగేవాళ్ళా?"

"పైపు పట్టుకోవడానికి చదువులేం కావాలే?"

"పైపు పట్టుకోవడానికి అక్కర్లేదు. గ్యారంటీ ఇవ్వడానికి కాస్త బుర్ర కావాలి."

"ఎదగాలంటే కొంచెం తెగించాలి. ఒరేయ్, నువ్వు చెప్పరా మీ వదినకి."

నేను మంచినీళ్ళు తాగాను.

పని దొరికింది. అన్నయ్య బండి కొన్నాడు. దానికి రెండు పక్కలా తన పేరు, వెనక ఫోను నంబరు రాయించాడు. పెరడు పెంచుదామనిగానీ, నీళ్ళు పోసే మనిషిని పెడదామనిగానీ తోచలేదు. ఎదుగుదల అంటే ఆయన దృష్టిలో రోడ్డు మీదికి కనపడేదే.

ఎండలు ముదిరాయి. ఆఫీసు హౌస్‌కీపింగ్ వాళ్ళు మేనేజరు కారు వచ్చే వేళకి పైపు తెచ్చి మొక్కల్ని తళతళలాడించేవాళ్ళు. కింద మట్టి పొడిపొడిగానే ఉండేది. వాళ్ళ తప్పేం లేదు. కడగడం వాళ్ళ పని, ఆకులు కడిగారు.

"సార్, గేటు పక్క వరస కొంచెం డల్‌గా ఉంది," అని మేనేజరు ఫోను చేసేవాడు. డల్ అంటే చచ్చిందని. అన్నయ్య పెరట్లోంచి కుండీలు బండికెత్తేవాడు. వేరేవాళ్ళకని పెంచినవీ పోయాయి. చివరికి గోడ వెంట చెట్లే మిగిలాయి.

"వాటి జోలికి మాత్రం రాకండి," అంది వదిన. "అవి పోతే నాటుకోవడానికి మనకి పుల్ల కూడా ఉండదు."

"ప్రతిదానికీ నీకు భయమే."

"నీళ్ళు మనమే పోస్తామని ఆ మేనేజరుకి చెప్పి రండి డైరెక్టరుగారూ, అప్పుడు మాట్లాడదాం."

చెప్పలేదు. అన్న మాట వెనక్కి తీసుకుంటే పరువు పోతుందట.

ఇంతలో వాళ్ళ ఛైర్మన్ వస్తున్నాడనీ, గేటు దగ్గర నిండుగా పూలుండాలనీ కబురొచ్చింది. ఆ పొద్దున వదిన ఆస్పత్రిలో ఉన్న చెల్లెల్ని చూడటానికి వెళ్ళింది.

కాగితంపూల చెట్టు పైకి ముళ్ళతో బెదిరిస్తుంది గానీ, దాని వేరు మహా సున్నితం. కదపాలంటే ముందు కొమ్మలన్నీ కొట్టెయ్యాలి. చుట్టూ కొద్దికొద్దిగా వేళ్ళు తెంపుకుంటూ వారాల తరబడి ఆగాలి. నాకిది చెప్పింది ఆయనే. అంత తెలిసిన మనిషి, పూలు పోతాయని ఒక్క కొమ్మా కొట్టకుండా, గోడ వెంట చెట్లన్నీ ఒక్క పూటలో పీకించి ఆఫీసు గేటు దగ్గర పాతించాడు. తెలియక చేసినవాడైతే జాలిపడి వదిలెయ్యొచ్చు. ఛైర్మన్ కారుకి నల్లద్దాలు. ఆయన ఆ పూలు చూశాడో లేదో ఎవరికీ తెలియదు.

వదిన తిరిగొచ్చి గోతుల దగ్గర నిలబడింది.

"వేళ్ళకి మట్టి ఆగిందా?"

"ఆగింది... కొంచెం."

"రాలిందా?"

"రాలింది."

"రేపట్నుంచి మీరే వెళ్ళి నీళ్ళు పొయ్యండి."

అంతే అంది. గొంతు పెంచి ఉంటే ఆయనా పెంచేవాడు, గొడవలో విషయం కొట్టుకుపోయేది. ఆ అవకాశం ఇవ్వలేదు.

మేనేజింగ్ డైరెక్టర్‌గారు మెడలో 'విజిటర్' కార్డుతో, చేతిలో బకెట్టుతో రోజూ ఆఫీసుకెళ్ళారు. చాలా చెట్లు ఎండిపోయాయి. కొన్ని మొండిగా చిగురేశాయి. ఆ సంబరంలో ఆయన నాలుగు కొమ్మలు కోసి సంచిలో పెట్టుకుని బయల్దేరితే సెక్యూరిటీ అతను గేటులో ఆపాడు.

"కంపెనీ ఆస్తి సార్. బయటికి పోనివ్వం."

"అవి నా చెట్లయ్యా."

"ఇచ్చేశారుగా సార్. ఇచ్చేశాక ఇంకా మీవేంటి?"

ఇంత సూటిగా ఆయనకి వ్యాపారం ఎవరూ బోధించలేదు. ఉత్త చేతులతో ఇంటికొచ్చి జరిగింది జరిగినట్టు వదినకి చెప్పాడు. ఉపన్యాసం లేకుండా ఆయన మాట్లాడటం నేను వినడం అదే మొదలు.

వానలు పడ్డాక ఆఫీసువాళ్ళు పెరిగిన కొమ్మలు కొట్టించి ప్రహరీ వెనక చెత్తలో పారేశారు. ఆ సంగతి, నీళ్ళు పోసే రోజుల్లో అన్నయ్యకి పరిచయమైన హౌస్‌కీపింగ్ ఆమె ఒకతె వదినకి చెప్పింది. ముగ్గురం బండిలో వెళ్ళాం. కాగితం కప్పులు, చింపిన కవర్ల మధ్య కూర్చుని వదిన తన చెట్ల కొమ్మలు తనే ఏరుకుంది. అన్నయ్య గోనెసంచి పట్టుకున్నాడు.

"అన్ని రంగులూ దొరికాయా?"

"తెల్లది లేదు. అది పోయింది."

ఆయన సంచిలోకి తొంగిచూసి, "పోన్లే, ఇక మనకి రెండు బ్రాంచీలు, ఇక్కడొకటి, ఇంటి దగ్గరొకటి," అన్నాడు.

వదిన ఫక్కున నవ్వింది, చేతిలో కొమ్మలు జారిపోయేంతగా. అంత నష్టం చేసినవాడితో కలిసి అలా ఎలా నవ్వగలిగిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మొన్న అడిగాను. మళ్ళీ అలాగే నవ్వబోయి, మధ్యలో ఆగి, వంటింట్లోకి వెళ్ళిపోయింది.