లండన్‌లో మా బర్రె

ఆ రోజుల్లో నాకొక జబ్బు ఉండేది. ఏ చిన్న నిర్ణయం తీసుకోవాలన్నా నోటుబుక్కు తెరిచి, పేజీ మధ్యలో స్కేలు పెట్టి నిలువుగా గీత కొట్టి, ఎడమ పక్కన లాభాలు, కుడి పక్కన నష్టాలు రాసేవాణ్ణి. ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకోవాలో అలాగే తేల్చాను (తప్పు గ్రూపు తీసుకున్నాను). మీసం ఉంచాలా తీసేయాలా అన్నదానికి కూడా ఒక పేజీ ఖర్చయింది. మనసు ఏమంటుందో వినడం చేతగాక ఈ గీతలు కొడుతున్నానని ఇప్పుడు తెలుస్తోంది గానీ, ఇరవై నాలుగేళ్ల వయసులో దాన్ని తెలివి అనుకుని మురిసిపోయేవాణ్ణి. ఆ జబ్బు ముదిరి పాకాన పడింది మాత్రం చైనాలో, గ్వాంగ్‌జౌ అనే మహానగరంలో, ఇరవై ఒకటో అంతస్తులో నాకిచ్చిన అగ్గిపెట్టెంత గదిలో.

మాది బోధన్ పక్కన కోటగిరి. మా నాన్నకు, అంటే బాపుకు, పసుపు, వరి, కాలువ కింద కాస్త చెరుకు. నేను ఇంగ్లీషులో ఎం.ఏ. చేసి నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పుకుంటుంటే, కంఠేశ్వర్‌లో గది పంచుకున్న స్నేహితుడు ఎక్కడో ఇంటర్నెట్‌లో చూసి, "చైనాల ఇంగ్లీష్ సార్లకు మస్తు గిరాకీ ఉన్నదట రా, నువ్వెందుకు పోవు?" అన్నాడు. వీడియోలో ఇంటర్వ్యూ అయింది, ఉద్యోగం వచ్చింది. ఆ కబురు తెలిసిన రోజు నుంచి బాపు చాయ్ హోటల్ దగ్గర కూర్చుని, "చైనోళ్లకు ఇంగ్లీష్ వస్తలేదట. మావోడు పోయి నేర్పుతుండు" అని, అంత దేశానికీ నేనొక్కణ్ణే సార్‌నన్నట్టు చెప్పడం మొదలుపెట్టాడు. మా అమ్మ బాధ వేరు. అమ్మను మేం అవ్వ అంటాం.

"గా దేశంల అన్నం తింటరా బిడ్డ?" అని అడిగింది.

"మనకన్నా ఎక్కువ తింటరవ్వా."

"కూరల పసుపు ఏస్తరా?"

"ఎయ్యరనుకుంట."

"పసుపు లేకుంట గదేం కూర రా!" అని, నా సూట్‌కేసులో సర్టిఫికెట్ల మధ్య కిలో పసుపు కుక్కింది. దారిలో ఆ పొట్లం కాస్త పగిలింది. నా ఎం.ఏ. పట్టా ఇప్పటికీ పేరంటానికి వెళ్లొచ్చినట్టు పచ్చగా ఉంటుంది.

మొదటి రోజే అసలు చిక్కు వచ్చింది. నన్ను తీసుకున్నది సాయంత్రాలు, సెలవు రోజుల్లో పిల్లలకు ఇంగ్లీషు చెప్పే చిన్న బడి. దాన్ని నడిపే ఆవిడ ఎంత కష్టమైన మాటనైనా నవ్వుతూనే చెబుతుంది కాబట్టి మనసులో ఆమెకు చిరునవ్వు మేడం అని పేరు పెట్టుకున్నాను. ఆవిడ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, గ్లాసులో వేడి నీళ్లు పోసి (అక్కడ ఎండాకాలంలోనూ వేడి నీళ్లే తాగుతారు), "తల్లిదండ్రులు ఎక్కడివారని అడిగితే లండన్ అని చెప్పండి. ఒక్క మాట, అంతే" అంది. నేను లండన్ ఎన్నడూ చూడలేదన్నాను. "వాళ్లూ చూడలేదు" అంది. నా రంగు చూపించాను. "మీలాంటివాళ్లు అక్కడ చాలామంది ఉన్నారు, నేను చూశాను ఫోటోల్లో" అని నవ్వింది. వద్దని లేచి రావాల్సింది. కానీ మొదటి రోజు, పరాయి దేశం, చేతిలో వేడి నీళ్ల గ్లాసు. సరేనని తలూపాను. అలా కోటగిరి వాణ్ణి లండన్ సార్‌నైపోయాను.

నాకు సాయంగా తరగతిలో ఒక చైనా అమ్మాయి ఉండేది, నా ఇంగ్లీషును పిల్లలకూ, వాళ్ల చైనీసును నాకూ చెప్పడానికి. ఆపిల్ అని తనకు తానే ఇంగ్లీషు పేరు పెట్టుకుంది. ఇక లండన్ గురించి నేను ఫోన్లో చదవని సంగతి లేదు. నది పేరు, వంతెనల పేర్లు, గడియారం ఎత్తు అన్నీ బట్టీ పట్టాను. తీరా చూస్తే ఏడేళ్ల పిల్లలు వంతెనల పేర్లు అడగరు కదా! ముందు వరుసలో రెండు పిలకల పిల్ల ఒకతి ఉండేది, మొదటి వారమే చెయ్యెత్తి, "సార్, మీకు ఏడేళ్లప్పుడు ఏం చేసేవారు?" అంది. నా బట్టీలో దానికి జవాబు లేదు. నోరు తెరిస్తే నిజమే వచ్చింది. చెరుకు ట్రాక్టర్ మెల్లగా పోతుంటే వెనక పరుగెత్తి గడ లాక్కునేవాళ్లమని చెప్పాను. పిల్లలు ఊపిరి బిగబట్టి విన్నారు. మర్నాడు ఇంకొకడు ఈత ఎక్కడ నేర్చుకున్నారన్నాడు. కాలువలో, మా బర్రె తోక పట్టుకుని అన్నాను. ఆ బర్రెకు ఒక కొమ్ము విరిగి ఉండేదనీ, పసుపు ఉడకబెట్టే రోజుల్లో ఊరంతా ఆవిరి కమ్ముకునేదనీ, ఆరబోసిన పసుపు కుప్పల మీద దొర్లి ఇంటికెళితే అవ్వ ఉతికేదనీ (బట్టల్ని కాదు, నన్ను) రోజుకొకటి చెబుతూ పోయాను. లండన్ అన్న మాట ఒక్కటి ముందు తగిలిస్తే చాలు, మిగతాదంతా నిజమే. పైగా ఇంత హాయిగా నేనెప్పుడూ పాఠం చెప్పలేదు.

ఏడాది ఒప్పందం ముగియవచ్చేసరికి నోటుబుక్కు మళ్లీ బయటికి వచ్చింది. ఉండాలా, ఇంటికి పోవాలా? ఎడమ పక్క, అంటే ఉండే పక్క, చకచకా నిండింది. మెట్రో చెప్పిన నిమిషానికి వస్తుంది. జీతం బాగుంది. ఆడవాళ్లు ఏ వేళయినా భయం లేకుండా నడిచి పోతారు. మధ్యాహ్నం భోజనం కాగానే బడిలో లైట్లు ఆర్పి, మడత మంచాలు వేసుకుని, చిరునవ్వు మేడంతో సహా అందరూ పడుకుంటారు (ఈ ఒక్క దానికి రెండు మార్కులు వేశాను). కుడి పక్క, వానాకాలంలో గోడలకు చెమట పడుతుంది, కూరలో కారం ఉండదు, చైనీసులో నాకు వచ్చినవి పదిహేను మాటలు, అందులో పది తిండి పేర్లు. ఎన్నిసార్లు లెక్కేసినా ఎడమ పక్కే గెలిచేది. అయినా పెన్ను ముందుకు పోయేది కాదు. కుడి పక్క అడుగున ఒక గీత గీసి ఖాళీగా వదిలేశాను. అక్కడ రాయాల్సిందేమిటో తెలుసు, రాయడానికే సిగ్గు.

ఆదివారం ఫోన్లో బాపు అడిగాడు. "ఏం రా, ఉంటవా, వస్తవా? గీడ సర్కారు టీచర్ పోస్టులు పడుతయంటున్నరు."

"సోచాయిస్తున్న బాపు."

"ఉండాల్నంటే ఉండు. అందరడుగుతున్నరు నిన్ను. మన కోటగిరి పేరు గంత దూరం తీస్కపోయినవ్ గదా!"

నేను అక్కడికి తీసుకెళ్లిన పేరు కోటగిరిది కాదు. ఏడాదిగా మా ఊరి కాలువనూ, మా బర్రెనూ ఇంకో ఊరికి ధారాదత్తం చేస్తున్నాను. ఆ రాత్రి కుడి పక్క ఖాళీలో రాశాను: 'ఇక్కడ మా ఊరి పేరు చెప్పుకోలేను.'

ఇంతలో చిరునవ్వు మేడం కబురు పెట్టింది. తల్లిదండ్రులందర్నీ పిలిచి వాళ్ల ముందు పాఠం చెప్పించాలట. అది నచ్చితేనే నాకు రెండో ఏడు. లండన్ సంగతి బయటపడితే రెండో ఏడు మాట అటుంచి, ఆ నెలలోనే మూటాముల్లె సర్దుకోవాలి. చాయ్ హోటల్ దగ్గర బాపు ఏం చెప్పుకుంటాడు? తరగతికి ముందు రోజంతా నేను మళ్లీ నది పేరు, వంతెనల పేర్లు వల్లెవేసుకున్నాను.

మర్నాడు గదిలోకి అడుగుపెట్టేసరికి నా కాళ్లు ఆగిపోయాయి. ఆపిల్ నాకు తెలియకుండా, సంతోషపెడదామని, పిల్లలందరిచేతా 'మా సార్ ఊరు' అని బొమ్మలు వేయించి గోడ నిండా అంటించింది. ప్రతి బొమ్మ మీదా పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లో లండన్. దాని కింద చెరుకు ట్రాక్టర్లు, వాటి వెనక పరుగెత్తే పిల్లలు, పచ్చటి కుప్పలు, కాలువ, ఆవిరి. ఒకడు ఇంకాస్త తెలివిమంతుడు, పాఠ్యపుస్తకంలోని గడియారం గోపురాన్ని కూడా వేసి, దానికి మా బర్రెను కట్టేశాడు. తల్లిదండ్రులు ఫోన్లు పైకెత్తి వీడియోలు తీస్తున్నారు. కళ్లద్దాల తండ్రి ఒకాయన గోడ దగ్గరికి వెళ్లి బొమ్మ తర్వాత బొమ్మ చూసి, మంచి ఇంగ్లీషులో, "నేను పని మీద లండన్ రెండుసార్లు వెళ్లాను. ఇది ఏ వైపు?" అన్నాడు.

"శివార్లలో" అన్నాను.

అప్పుడు లేచింది రెండు పిలకల పిల్ల నాయనమ్మ. మనవరాలిని చూసుకోవడానికి పక్క రాష్ట్రం నుంచి, పల్లె వదిలి వచ్చిన మనిషి. మనవరాలు వేసిన మా బర్రె బొమ్మ ముందు నిలబడి, విరిగిన కొమ్ము మీద వేలు పెట్టి ఏదో అంది. ఆపిల్ ఇంగ్లీషులోకి మార్చి చెప్పింది గానీ, నా చెవికి అది మా ఊరి మాటలాగే వినపడింది కాబట్టి అలాగే రాస్తున్నాను.

"గీ కొమ్ము ఎట్ల ఇరిగింది బిడ్డ?"

"ట్రాలీకి తాకి" అన్నాను.

"మా ఇంట్ల బర్రెకు గూడ గట్లనే ఇరిగె" అంది. తర్వాత కాలువను చూసింది, చెరుకును చూసింది, నన్ను పైనుంచి కిందికి చూసింది. చేతి సంచిలోంచి మూరెడు చెరుకు గడ తీసి నా చేతికిచ్చింది. వాళ్ల తమ్ముడి పొలంలోదట. ఆ నగరంలో అమ్మేవాళ్లు తొక్క తీసి ముక్కలు కోసి ఇస్తారు, ఇది మాత్రం తొక్కతోనే ఉన్న నల్లటి గడ. నిజంగా చెబుతున్నాను, నేనేమీ ఆలోచించలేదు. బోధన్ వైపు పుట్టినవాడి చేతిలో చెరుకు పెడితే ఆలోచన మెదడు దాకా పోదు. కొస వైపు నోట్లో పెట్టి, పళ్లతో పట్టి నాలుగు లాగుల్లో తొక్క చీల్చి, కణుపు దాకా కొరికి, నమిలి, పిప్పిని అరచేతిలోకి ఊసేసరికి ఫోన్లు అన్నీ నా నోటి మీదే ఉన్నాయి. చిరునవ్వు మేడం ముఖంలో మొదటిసారి నవ్వు లేదు.

ముసలామె ఒక్కతే చప్పట్లు కొట్టింది. "కొస నుంచి తిన్నడు సూడున్రి, మొదలు తియ్యగుంటదని ఎరికె. గీనిది లండన్ గాదు. మాసొంటి ఊరే ఏదో."

నా అరచేతిలో పిప్పి, చుబుకం మీద రసం. ఇక దాచడానికేముంది? "కోటగిరి" అన్నాను. ఆపిల్‌కు అర్థం కాలేదు. మళ్లీ గట్టిగా అన్నాను. "మాది ఇండియా. ఊరు కోటగిరి. లండన్ నేను చూడలేదు. తప్పైంది. కానీ పిల్లలు వేసిందంతా నిజం." ఆపిల్ చెప్పింది. తల్లిదండ్రులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రెండు పిలకల పిల్ల మాత్రం చెయ్యెత్తి, "సార్, అయితే బర్రె ఉన్నట్టేనా?" అంది. ఉంది అన్నాను. హమ్మయ్య అనుకుని కూర్చుంది. ఆ పిల్లకు కావలసింది అదొక్కటే.

ఆ తర్వాత ఇద్దరు పిల్లలు మానేశారు. కళ్లద్దాల తండ్రి మానిపించలేదు, "మీ ఇంగ్లీషు నాకు అర్థమైంది, లండన్‌లో సగం మందిది కాలేదు" అన్నాడు. చిరునవ్వు మేడం రెండు రోజులు ముభావంగా ఉండి, మూడో రోజు ఒప్పందం కాగితంతో పాటు కొత్త ప్రచార పత్రం కూడా తెచ్చి చూపించింది. నా ఫోటో కింద 'కోటగిరి, ఇంగ్లండ్' అని ఉంది. ఆవిడతో నేను గొడవ పెట్టుకున్న మొదటిసారీ చివరిసారీ అదే. నాలుగు గంటల పోరాటం తర్వాత ఇంగ్లండ్ పోయి ఇండియా వచ్చింది. గదికెళ్లి నోటుబుక్కు తెరిచి కుడి పక్క చివర రాసిన మాటను కొట్టేశాను. పోవడానికి ఇంక కారణం మిగల్లేదు కాబట్టి మరో ఏడాది ఉన్నాను. ఆపైన ఒక ఆదివారం అవ్వ ఫోన్లో పసుపు ఉడికే కడాయిలు చూపిస్తూ, "వాసన వస్తుందా బిడ్డ?" అని అడిగింది. నాకు ఏడుపొచ్చింది. ఈసారి గీత కొట్టకుండానే వచ్చేశాను. వచ్చేటప్పుడు రెండు పిలకల పిల్ల తన బొమ్మను చుట్టి నా చేతిలో పెట్టింది.

ఇప్పుడు కంఠేశ్వర్‌లో మేడ మీద గదిలో ఇంగ్లీషు ట్యూషన్ చెబుతున్నాను. ఆ బొమ్మ బోర్డు పక్కనే ఉంటుంది. మొన్న బాపు మోకాలి డాక్టరుకు చూపించుకోవడానికి వచ్చి, పాఠం అయ్యేదాకా వెనక బెంచీ మీద కూర్చున్నాడు. కూర్చున్నవాడు కాసేపటికి కుంటుకుంటూ లేచి గోడ దగ్గరికి నడిచాడు.

"అరె, గిది మన బర్రె గాదుర? కొమ్ము గట్లనే ఉండె. ఎవ్వరు గీసిండ్రు?"

"చైనాల నా దగ్గర సదివిన పిల్ల బాపు."

"మన బర్రెను సూడకుంటనే?"

"నేను చెప్పిన."

బాపు బొమ్మకు ఇంకా దగ్గరగా జరిగాడు. ఆయనకు తెలుగు చదవడం వచ్చు గానీ ఇంగ్లీషు అక్షరాలు రావు. పైన పెద్దగా రాసి ఉన్న చోట వేలు పెట్టి, "మరి గిదేం రాసింది?" అన్నాడు.

గదిలో ఇరవై మంది పిల్లలు. ఇరవై మందికీ ఆ మాట చదవడం వచ్చు, నేర్పింది నేనే. అందరూ నా వైపే చూస్తున్నారు. పరాయి దేశంలో గది నిండా మనుషుల ముందు నిజం చెప్పి, ఏడాదిపాటు దాన్ని తలుచుకుని ఛాతీ పొంగించుకున్న కుర్రాడు నాకు గుర్తొచ్చాడు. పాపం, వాడికి చాలా తెలుసనుకున్నాడు.

"కోటగిరి అని రాసింది బాపు" అన్నాను.

తప్పు కనిపిస్తే చాలు చెయ్యెత్తే నా విద్యార్థుల్లో ఒక్కరూ చెయ్యెత్తలేదు. బాపు ఆ అక్షరాల మీద ఒక్కొక్క దాని మీదా వేలు జరిపి, తృప్తిగా తలూపి, "మంచిగ రాసింది రా పిల్ల" అన్నాడు.