సోఫాకు తగ్గ గోడ

బస్సు వంతెన దిగుతూ ఆగిపోయింది. పొగ చూసి డ్రైవరు దిగాడు, డ్రైవరును చూసి మేమందరం దిగాం. నా పక్కన కూర్చున్నావిడ మాత్రం తను దిగేముందు ఒళ్ళోని వస్తువును కిటికీలోంచి నా చేతికి అందించి, "జాగ్రత్త బాబాయిగారూ, గోరు తగలనివ్వకండి" అంది. పసిబిడ్డేమోనన్నంత భయంగా అందుకున్నాను. చూస్తే సోఫా దిండు. దళసరి ప్లాస్టిక్ తొడుగులో, నాలుగు వైపులా కుట్లు వేసి బంధించిన దిండు.

"ఇదేం రంగంటారు?" అని అడిగింది, దిగి వస్తూనే.

"పచ్చేనమ్మా. కాస్త మురికి పచ్చ."

"మురికి మీ కళ్ళజోడుది. ఇది నాచు పచ్చ. బావిగోడ మీద ఎండిన నాచుంటుందే, అది."

ఆవిడకు యాభై దాటి ఉంటాయి. బజారులో దారాలూ బొత్తాలూ లైనింగు గుడ్డలూ అమ్మే మ్యాచింగ్ కొట్టులో పెళ్ళికి ముందునుంచీ పని. దర్జీ గుడ్డముక్క చూపిస్తే ఒక్కసారే చూస్తుందట, ఆ తర్వాత చెయ్యే వెళ్ళి సరైన రీలు లాక్కొస్తుందట. అందుకే వీధివీధికీ ఆవిడ మ్యాచింగ్ పిన్ని. ఆవిడకన్నా పెద్దవాళ్ళకు కూడా పిన్నే. ఎవరింటి గేటుకు ఏ రంగు, ఎవరి కిటికీకి ఏ కర్టెను, ఆఖరికి ఒకాయన జుట్టుకు ఎంత నలుపు నప్పుతుంది అన్నది కూడా ఆవిడ చెబితేనే తేలేది.

అలాంటి మనిషికి చిక్కు తోడికోడలి రూపంలో వచ్చిపడింది. ఆ అమ్మాయి కొత్తిల్లు కట్టుకుంటే పిన్ని చూడబోయి, గోడలూ తలుపులూ పాలలో ఉప్పుకల్లులా ఉన్నాయని ఉన్నమాట అనేసింది. ఆ అమ్మాయి చుట్టాలందరి ఎదుటా జవాబిచ్చింది. "ఊరందరికీ చెబుతావు గానీ అక్కా, మీ ముందుగదిలో గోడకూ సోఫాకూ మాటల్లేవు. ముందు వాటికి రాజీ కుదిర్చి చూపించు. మా తలుపుల సంగతి తర్వాత చూద్దువుగాని."

ఆ మాట పిన్నికన్నా ముందే కొట్టుకు చేరింది.

"నిన్న ఒక దర్జీ, నేనిచ్చిన దారం వీధిలోకి పట్టుకెళ్ళి చూసుకున్నాడు బాబాయిగారూ. నా ఎదురుగానే. ఇన్నేళ్ళలో ఎవరూ అలా చేయలేదు" అంది పిన్ని. "ఇవాళ సాయంత్రం మా తోడికోడలు వస్తుంది. ఈలోగా గోడ కుదిరిందా, సరే. లేదంటే రేపటినుంచి ఆ కొట్టు ఊడవడానికి కూడా నన్ను పిలవరు. రంగుల షాపు ఇక్కడికి దగ్గరే. నడుస్తాను. మీరెక్కడికి వెళ్ళాలి?"

"ప్రత్యేకంగా ఎక్కడికీ లేదమ్మా."

"అయితే ఆ దిండు పట్టుకోండి."

నా జీవితంలో చాలా ప్రయాణాలు ఇలాగే జరిగాయి. ఎక్కడికీ వెళ్ళనివాడి చేతిలో ఎవరో ఒకరు ఏదో ఒకటి పెడతారు. ఒకసారి ఒకాయన పట్టుకోమన్న మేకతో రెండు జిల్లాలు దాటాను. ఆయన మాత్రం ఇంతవరకూ కనిపించలేదు.

షాపులో రంగులు కలిపేవాడు దిండును అటూ ఇటూ తిప్పి చూశాడు. "తొడుగు తీయండమ్మా. మిషన్ కింద పెడితే అదే రంగు చెప్పేస్తుంది."

"తొడుగు తీస్తే మా అత్తగారు నా తోలు తీస్తారు."

ఈ తొడుగు తీయని జాతిని నేను తిరిగిన ప్రతిచోటా చూశాను. టీవీ రిమోటుకు చొక్కా తొడుగుతారు. సూట్‌కేసుకు కోటు వేస్తారు, ఆ కోటు మాయకుండా దానికో సంచి కుడతారు. ఒకరింట్లో పింగాణీ పళ్ళేలు అద్దాల బీరువాలోంచి మమ్మల్ని చూస్తూ ఉంటే మేము సొట్టలు పడ్డ రేకు కంచాల్లో తిన్నాం. రాబోయే గొప్ప అతిథి కోసం దాచారట. అంటే నేను ఎవరినో అర్థమై, నోరుమూసుకుని రెండోసారి వడ్డించుకున్నాను. రంగుల మీద లావుపాటి పుస్తకాలు రెండు చదివాను గానీ, వాటిలో ఈ జాతి ప్రస్తావనే లేదు.

మిషన్ను పక్కన పెట్టి పిన్ని తన కంటినే నమ్ముకుంది. "ఇంకొక్క చుక్క పసుపు. చుక్కన్నాను నాయనా, కుండపోత కాదు. ఇప్పుడు నలుపు, పుల్లతో ముట్టించు చాలు." చివరికి మూతమీద పూసిన రంగు, దిండు పక్కన పెడితే దానికి కవలలా ఉంది.

"మెరుపుదా, మెరుపు లేనిదా?" అన్నాడు వాడు.

"సోఫా మెరుస్తోందిగా. మెరిసేదే."

"గోడకు అంత మెరుపు వద్దమ్మా, ఎగుడుదిగుళ్ళన్నీ బయటపడతాయి."

"పక్కన సోఫా నిగనిగలాడుతుంటే గోడ జ్వరంపడి లేచిన మొహం వేసుకుని నిలబడాలా? మెరిసేదే ఇవ్వు."

డబ్బా కూడా నా చేతికే వచ్చింది. వాళ్ళింటికి చేరేసరికి మేస్త్రి గోడ నున్నగా రుద్ది సిద్ధంగా ఉన్నాడు. పిన్ని భర్త పేపరు చదువుతున్నాడు. అత్తగారు సోఫాలో, తొడుగు మీద మళ్ళీ ఒక దుప్పటి పరుచుకుని కూర్చుని ఉంది. డబ్బా మూత చూసి అడిగింది.

"నీలం సోఫాకు ఈ పచ్చేమిటే?"

పిన్ని నా చెవిలో, "పట్టించుకోకండి. నేను కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ నీలమనే అంటారు. పాపం, చూపు. శుక్లాలు తీయించాం, అయినా నీలమే. ఆపరేషను సరిగ్గా చేయలేదని డాక్టరుతో పోట్లాడి కూడా వచ్చాను" అంది.

"చెవులు కూడా బాగానే పనిచేస్తున్నాయి" అంది అత్తగారు. "ఆ సోఫా కొన్నది నేను."

భర్త పేపరు కాస్త పైకెత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఆ పూట భోజనం వాళ్ళింట్లోనే. సాయంత్రానికి గోడ పూర్తయింది. ఎలా కుదిరిందని చెప్పను. దిండును గోడకు బెత్తెడు దూరంలో పట్టుకుంటే దిండు మాయమై కుట్లు మాత్రం గాలిలో వేలాడాయి. మెరుపు సంగతికొస్తే, గోడలో నా బట్టతల నాకు కనిపించింది. షాపువాడు చెప్పిన ఎగుడుదిగుళ్ళు కూడా కనిపించాయి, ఒక్కటీ మిస్సవకుండా.

తోడికోడలు వచ్చింది. గోడను చూసింది, సోఫాను చూసింది, మళ్ళీ గోడను చూసింది. తప్పు వెతికి వెతికి అలసిపోయింది పాపం.

"ఒప్పుకున్నానక్కా. నీ కన్నుకు తిరుగులేదు" అని సోఫాలో కూలబడింది. తొడుగు కీచుమంది. "ఇంత ముచ్చటగా కుదిరాక ఇంకా ఈ ప్లాస్టిక్ ఎందుకు? తీసెయ్ అక్కా, ఇంకా బావుంటుంది."

అందరం అత్తగారి వైపు చూశాం. ఆవిడ లేచి వెళ్ళి కత్తెర తెచ్చింది.

"తీయొచ్చా అత్తయ్యా?" పిన్నికి నమ్మకం కుదరలేదు.

"నన్నెవరు అడిగారే ఇన్నాళ్ళూ? పాడవకుండా చూడమన్నాను గానీ పాతిపెట్టమన్నానా?"

కత్తెర ఒక్కో కుట్టే తెంపుకుంటూ పోయింది. పసుపెక్కి పెళుసుబారిన తొడుగు ఎండుటాకులా విరిగి కిందపడింది. లోపలినుంచి నీలం బయటికి వచ్చింది. అనుమానానికి చోటులేని, వాననీటితో కడిగిన ఆకాశంలాంటి నీలం. మెరుపు నలుసంతైనా లేదు. దాని వెనకాల నిగనిగలాడుతూ నాచు గోడ.

మేస్త్రి చప్పుడు కాకుండా బ్రష్షులు ఏరుకోవడం మొదలుపెట్టాడు. అత్తగారు నీలం గుడ్డమీద అరచేయి ఆనించి కూర్చుంది. ఏదైనా అని ఉంటేనే బావుండేది.

పిన్ని పేపరు వైపు తిరిగింది. "మీకు తెలుసా?"

పేపరు వెనకనుంచి గొంతు వచ్చింది. "లీలగా గుర్తే. అమ్మ మాట నిజమంటే నీకు కోపం. నీ మాట నిజమంటే అమ్మకు కోపం. అందుకని ఎవరి మాటా నిజం కాదని ఊరుకున్నాను."

తోడికోడలి పెదవులు అప్పటికే సాగుతున్నాయి. ఆ నవ్వు బయటపడితే తెల్లారేసరికి బజారంతా నవ్వుతుంది. పిన్ని మొహంలో రంగు మారడం చూశాను. ఆ రంగుకు దారం ఏ కొట్టులోనూ దొరకదు.

"అత్తయ్య మొదటినుంచీ నీలమని చెబుతూనే ఉన్నారు" అంది పిన్ని, నిదానంగా. "నీలం పక్కన నీలం ఎవరైనా వేస్తారు. ఆకాశం కింద గడ్డి ఉండొద్దూ? అందుకని వెతికి వెతికి ఈ పచ్చ తెచ్చాను."

గది మొత్తం అత్తగారి నోటిమాట కోసం ఎదురుచూసింది. ఆవిడ కోడలిని తేరిపార చూసింది. అత్తగారి మాట నిజమని ఆ ఇంట్లో ఎవరైనా పైకి అనడం అదే మొదటిసారనుకుంటాను.

"నేనే తెమ్మన్నాను" అంది.

తోడికోడలు గోడను కొత్తగా మళ్ళీ చూసింది. తల ఒకవైపుకు వాల్చింది, ఇంకోవైపుకు వాల్చింది. ఆకాశమూ గడ్డీ అన్నాక కాదనడానికి ఏముంది? "అయితే అక్కా," అంది చివరికి, "మా తలుపులకు ఏ రంగైతే బావుంటుందో ఒకసారి వచ్చి చెప్పరాదూ?"

నన్ను సాగనంపడానికి పిన్ని సందు చివరిదాకా వచ్చింది. అక్కడ ఆగింది.

"నిజం చెప్పండి బాబాయిగారూ. కలిసిందా?"

"లేదమ్మా."

"లేదు" అని తల ఊపింది. "గడ్డి ఎక్కడైనా అంత మెరుస్తుందా?"

ఇంతలో ఎదురింటి గేటు తెరుచుకుని ఒకావిడ చొక్కా గుడ్డ పట్టుకుని వచ్చింది. "పిన్నీ, దీనికి ఏ రంగు బొత్తాలు పెట్టమంటావు?"

పిన్ని ఒక్కసారి చూసింది. నోటిదాకా వచ్చిన జవాబు అక్కడే ఆగింది. గుడ్డ అందుకుని అంచును గోటితో గీకింది. తిరగేసి మళ్ళీ గీకింది, మడత విప్పి లోపలికి చూసింది.

"కొత్తదా, ఉతికిందా?" అని అడుగుతూ ఆవిడ భుజం పట్టుకుని గేటు వైపు నడిపించింది. "దీని పైన ఏమీ లేదు కదా? నిజం చెప్పు. ఇంట్లో లైటు వెయ్యి, పద."

వెళ్ళొస్తానమ్మా అన్నాను. గేటు అప్పటికే మూసుకుంది.